పొణికి కర్రకు ఎపాక్సీ: మూడేళ్లు వాడాక

మణికట్టు నొప్పి వల్ల బరువు లేని చేతికర్ర కావాలన్నారు నాన్న. కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి గుర్తొచ్చింది. చేతిలో ఉందా లేదా అన్నంత తేలిక, కానీ గోరు నొక్కితే గాటు పడుతుంది. రెజిన్ పట్టిస్తే సరిపోతుందని పల్చటి ఎపాక్సీ తెచ్చాను, హార్డెనర్ అనే రెండో ద్రవం కలిపితే గట్టిపడే రెజిన్ అది.

కర్రను తలకిందులుగా నిలబెట్టి కొస మీద పోస్తే ఎండిన మడిలో నీళ్లలా ఇంకిపోయింది, పైకి సన్నటి బుడగలు. గంటలో ఆరుసార్లు పోశాను. పక్కలకు మూడు పూతలు. నాలుగు రోజులకు గోరు దిగనంత గట్టిపడింది. తెగ మురిసిపోయాను.

రెండు నెలలకే గేటు దగ్గర నాన్న బరువంతా మోపితే మధ్యలో టప్పున విరిగింది. గేటు చేతికి అందింది కాబట్టి పడలేదు. విరిగినచోట చూద్దును కదా, పక్కల నుంచి రెజిన్ దిగింది గోరు మందమే! లోపలంతా తెల్లగా, పొడిగా పొణికే. కొసన మాత్రం అంగుళం లోతు దాకా తాగింది. పీచు వెంబడి దిగినట్టు అడ్డంగా దిగదు. చేవ లేని కర్రకు పైపూత ఎంత వేసినా నడుం గట్టిపడదు.

ఇప్పుడు కర్ర లాఠీలకు వాడే గట్టి వెదురు. పిడి మాత్రమే పొణికి, చిలక తల చెక్కాను. వెదురును పిడిలోకి రెండంగుళాలు దింపి అదే రెజిన్‌తో అతికించాను. రెండున్నరేళ్లలో గచ్చు మీద ఎన్నిసార్లు పడిందో, చిలక ముక్కు చెక్కుచెదరలేదు. ఈ పనికి మాత్రం రెజిన్‌కు పూర్తి మార్కులు.

హార్డెనర్‌ను కంటి అందాజాగా కలిపితే వారమైనా జిగట పోదు, ఓసారి మొత్తం గీకాల్సి వచ్చింది. చిన్న డిజిటల్ తూకం కొనుక్కోండి. మే నెలలో ఒకేసారి కప్పు నిండా కలిపితే పొగలొచ్చి గడ్డకట్టింది, 30 గ్రాములు దాటకండి. ముసురులో పూస్తే పైన జిడ్డు పొర కడుతుంది, నీళ్లతో కడిగి ఆరాకే ఉప్పు కాగితం పట్టాలి. గ్లవ్స్, మాస్కు తప్పనిసరి.

చెమట చేతికి పిడి జారుతోందంటే మెరుపు పోయేలా గరుకు చేశాను. ఎండకు రంగు మారడం మాత్రం నా వల్ల ఆగలేదు. అదే చెబితే నాన్న, "చిలకేగా, పచ్చబడితే ఏంట్రా" అన్నారు.