షుగర్ పుండుకు అద్దె వాక్యూమ్ మెషిన్: కర్నూలు ఎండల్లో పనితీరు

కాలి పుండుకు ఇంట్లో పెట్టుకునే చిన్న వాక్యూమ్ డ్రెస్సింగ్ మెషిన్ మంచి వస్తువే. కానీ ఫలితమంతా పైన అంటించే పల్చటి షీటు మీదే ఉంది. కర్నూలులో మే నెల చెమటకు మొదట దెబ్బతినేది అదే.

పుండులో నల్లటి స్పాంజి, దానిపై షీటు, షీటుకు చిన్న రంధ్రం, అక్కడి నుంచి ట్యూబు, నీరు చేరే డబ్బా. అంతే సరంజామా. లాగుడు మామూలుగా మైనస్ 125 మిల్లీమీటర్ల పాదరసం (అంటే బయటి గాలి ఒత్తిడి కంటే అంత తక్కువ) దగ్గర పెడతారు. లూయిస్ అర్జెంటా అనే సర్జన్, మైకేల్ మోరిక్వాస్ అనే బయో ఇంజనీరు పందుల పుండ్లపై పరీక్షించి 1997లో ప్రచురించిన అంకె ఇది. ఆ ఒత్తిడి దగ్గర రక్తప్రసరణ నాలుగు రెట్లు పెరిగింది. లాగుడుకు వాపు నీరు బయటికొస్తుంది, అంచులు దగ్గరపడతాయి, కణాలు సాగి కొత్త కండ ఎర్రగా గింజలు గింజలుగా పుడుతుంది.

మెషిన్ ఆన్ చేయగానే స్పాంజి ఎండు ద్రాక్షలా ముడుచుకోవాలి. ముడుచుకోలేదంటే ఎక్కడో గాలి పోతోంది. అంచు వెంట వేలు నడిపిస్తే "స్స్" మనే చోటు దొరుకుతుంది, అక్కడ చిన్న ముక్క అంటించాలి. మడమ, వేళ్ల సందులు బాగా సతాయిస్తాయి. చర్మం కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, వెంట్రుకలు తీసి, షీటు మంచి చర్మంపై కనీసం 3 సెంటీమీటర్లు వచ్చేలా వేయాలి. స్పాంజి మాత్రం మంచి చర్మం మీదికి రాకూడదు, వస్తే తెల్లగా నాని చీలుతుంది.

స్పాంజి 48 నుంచి 72 గంటలకోసారి మార్చాల్సిందే. ఆలస్యమైతే కండ దానిలోకి పెరిగి, తీసేటప్పుడు నెత్తురొస్తుంది. ముందు సెలైన్ పోసి నాననివ్వాలి. లోపల ఎన్ని ముక్కలు పెట్టారో షీటు మీదే పెన్నుతో రాయండి. ఒక్కటి మిగిలినా చీము పడుతుంది.

అద్దెకు తీసుకునే ముందు షాపులోనే బ్యాటరీ మీద నడిపించి చూడండి. కరెంటు పోయి రోజు మొత్తంలో 2 గంటలకు మించి ఆగితే స్పాంజి తీసేసి తడి గాజ్ గుడ్డతో కట్టు కట్టాలి. డబ్బా, ట్యూబు కొత్తవే అడగండి, వాడినవి వద్దు.

నల్లగా చచ్చిన కండ తీయని పుండుకు, మందు మొదలుపెట్టని ఎముక ఇన్ఫెక్షన్‌కు, క్యాన్సర్ పుండుకు, రక్తనాళం బయటపడ్డ చోట ఇది వాడకూడదు. కాలికి రక్తం సరిగ్గా అందుతోందో లేదో డాప్లర్ స్కాన్‌తో ముందే చూపించుకోండి. డబ్బాలో ఎర్రటి నెత్తురు గబగబా చేరుతుంటే మెషిన్ ఆపి, పుండు మీద గట్టిగా నొక్కిపట్టి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.