బోటంతా మనమే మాట్లాడుకోవాలా, టికెట్ కొని ఎక్కాలా?

వేసవిలో సముద్రంలో గేలం వేద్దామని బయల్దేరేవాళ్లకు ముందు వచ్చే సందేహం ఇదే.

ఖర్చు: టికెట్ బోటులో తలకింత. మొత్తం మాట్లాడుకుంటే ఒక్కరెక్కినా ఐదుగురెక్కినా కిరాయి ఒకటే. అందుకే జట్టు ఉంటే తేడా బాగా తగ్గుతుంది.

వేట: అసలు తేడా ఇక్కడే. టికెట్ బోటులో రైలింగ్ పొడవునా భుజాలు రాసుకుంటూ నిలబడాలి. ఎక్కువగా అడుగున తిరిగే చేపలకే గేలం. ఎవరి గేలానికో పెద్ద చేప పడి అడ్డంగా పరిగెత్తిందా, పక్కవాళ్ల దారాలన్నీ చిక్కుపడతాయి. అది విప్పేలోపు చేప ఉండదు! మనమే మాట్లాడుకున్న బోటులో చేపలు పడకపోతే చోటు మార్చమని కెప్టెన్‌ని అడగొచ్చు, బోటు నడుస్తుండగా ఎర లాగుతూ పైనీటి చేపల్నీ పట్టొచ్చు.

రిస్క్: టికెట్ బోటు పెద్దది కాబట్టి కాస్త తక్కువ ఊగుతుంది. కానీ వాంతులు మొదలైతే చివరిదాకా భరించాల్సిందే. మనం మాట్లాడుకున్న చిన్న బోటునైతే వెనక్కి తిప్పించొచ్చు, డబ్బులు మాత్రం పోయినట్టే. వాంతులు రాకుండా వేసుకునే మాత్రని బోటెక్కడానికి గంట ముందే వేసుకోవాలి, తల తిరిగాక కాదు.

మొదటిసారి, ఒంటరిగా, సరదాకి అయితే టికెట్ చాలు. చిన్నపిల్లలున్నా, ఫలానా చేపే కావాలనుకున్నా బోటు మాట్లాడుకోండి. వేసవి మధ్యాహ్నాలు గాలి లేస్తుంది, ఏదైనా సరే పొద్దున్నే బయల్దేరేదే చూసుకోండి.