మబ్బు పడితే సరే, ఎండ వాలితే నమ్మలేను: నాలుగేళ్ల క్రోనోగ్రాఫ్ అనుభవం

క్రోనోగ్రాఫ్ అంటే బుల్లెట్ వేగం కొలిచే పరికరం; రెండు సెన్సర్ల మీదుగా పోయే బుల్లెట్ నీడని ఇది ఎలా పట్టుకుంటుందో పిస్టల్ తూటాలు సొంతంగా నింపుకునేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. నాలుగేళ్లుగా వాడుతున్నాను, నాకు దీని మీద ఉన్న కోపమంతా వెలుతురు గురించే.

కొత్తలో అడిగిన వాళ్లందరికీ కళ్లు మూసుకుని కొనుక్కోమన్నాను. 9 ఎం.ఎం.లో 124 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే చిన్న తూకం కొలత) బుల్లెట్ పెట్టి పది తూటాలు కాలిస్తే అన్నీ సెకనుకు 1,045, 1,070 అడుగుల మధ్యే వచ్చేవి. ఐపీఎస్‌సీ షూటింగ్ పోటీల్లో మైనర్ అనే తక్కువ శక్తి వర్గానికి పవర్ ఫ్యాక్టర్ (బుల్లెట్ బరువుని వేగంతో గుణించి వెయ్యితో భాగిస్తే వచ్చే అంకె) 125 కావాలి, ఈ బరువుకి 1,009 అడుగులు వస్తే చాలు, కాబట్టి నిశ్చింతగా ఉన్నాను. అప్పుడు వాడినవన్నీ మబ్బు రోజులేనని తర్వాత గానీ తట్టలేదు.

ఒక సాయంత్రం అదే డబ్బాలోని తూటాలకి 960 చూపించింది, వెంటనే 1,180, తర్వాత 1,010, మధ్యలో ఒకదానికి అసలు అంకే రాలేదు. తూటాల్లోకి మందు కొలిచి పోసే పౌడర్ మెజర్ సరిగ్గా పోయడం లేదేమోనని టెన్షన్ పట్టుకుంది. ఇంటికొచ్చి మిగిలిన నలభై తూటాలనీ సుత్తిలాంటి పుల్లర్‌తో కొట్టి బుల్లెట్లు ఊడదీసి, ఒక్కో కేస్‌లోని (తూటా గొట్టంలోని) పౌడర్ తూకం వేస్తే తేడా 0.1 గ్రెయిన్ దాటలేదు. పౌడర్‌ని అంటించే ప్రైమర్లని అనుమానించాను, బుల్లెట్ చుట్టూ కేస్ అంచుని నొక్కే క్రింప్‌ని అనుమానించాను. తర్వాతి వారం అదే వేళకి ఫ్యాక్టరీ తూటాలు కాలిస్తే వాటి అంకెలూ అలాగే గంతులేశాయి, సూర్యుడికి మబ్బు అడ్డం రాగానే సర్దుకున్నాయి. వాలిన ఎండ డిఫ్యూజర్ (సెన్సర్ పైన వెలుతురుని సమంగా పరిచే తెర) కిందుగా దూరి సెన్సర్ మీద పడుతోందన్నమాట.

నలభై తూటాలు ఊడదీయాల్సి వచ్చిందని కాదు నా బాధ. ఆ 960ని నమ్మి పౌడర్ పెంచి ఉంటే? 9 ఎం.ఎం. కేస్ చిన్నది, కొద్దిపాటి పౌడర్ ఎక్కువైనా ప్రెషర్ బాగా పెరిగిపోతుంది, ఈ పరికరానికి వేగం తప్ప ప్రెషర్ తెలియదు.

ఇప్పుడు ముందు ఐదు ఫ్యాక్టరీ తూటాలు కాల్చి, వాటికి ఎప్పుడూ వచ్చే అంకె వస్తేనే నావి మొదలుపెడతాను. ఎండ వచ్చే వైపు అట్టముక్క కడతాను. పిస్టల్‌కి పన్నెండు అడుగుల దూరంలో పెడతాను, మరీ దగ్గరైతే పేలుడు గాలికే సెన్సర్ స్పందిస్తుంది. బ్యాటరీ కొంచెం పాతబడినా మార్చేస్తాను. ఇన్ని చేస్తే మాత్రం మంచి పరికరమే.

ఆరుబయట కాల్చడం నా అలవాటు కాబట్టి దీన్ని వదిలించుకోను. ఇండోర్ రేంజ్‌లో లైట్ల కింద కొలవాల్సినవాళ్లకి మాత్రం ఇది కొనమని చెప్పలేను. స్నేహితుడి రాడార్ రకం మూడుసార్లు వాడి చూశాను, దానికి వెలుతురుతో పనే లేదు, పక్కన పెట్టుకుంటే చాలు. నాదాన్ని కొంచెం జరపాలన్నా అందరూ కాల్పులు ఆపేదాకా ఆగి ముందుకెళ్లాలి.