మార్క్ నాఫ్లర్: ఆల్బమా, కచేరీయా?

నాఫ్లర్ గిటారంటే నాకూ, మా తమ్ముడికీ పిచ్చి. ఆయన్ని ఎలా వినాలన్న దగ్గరే ఇంట్లో రెండు పార్టీలు.

నాఫ్లర్ పాడుతూ గిటార్ వాయించిన బ్రిటిష్ రాక్ బ్యాండ్ డైర్ స్ట్రెయిట్స్ తొలి ఆల్బమ్ 1978లో వచ్చింది. అందులో ‘సుల్తాన్స్ ఆఫ్ స్వింగ్’ ఆరు నిమిషాల్లోపే అయిపోతుంది. ఒక్క స్వరం కూడా ఎక్కువనిపించదు. అదే పాట 1983లో లండన్ హ్యామర్‌స్మిత్ ఓడియన్‌లో రికార్డు చేసిన ‘ఆల్కెమీ’ కచేరీలో దాదాపు 11 నిమిషాలు సాగుతుంది. తమ్ముడి ఓటు దీనికే. పిక్ (తీగలు మీటే చిన్న బిళ్ల) పట్టుకోకుండా ఉత్త వేళ్లతోనే తీగలు మీటుతూ ఆయన చివర్లో వేగం పెంచుతుంటే, జనం కేకలు కూడా పాటలో కలిసిపోతాయి. డ్రమ్స్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆల్బమ్‌లో డ్రమ్మర్ పిక్ విదర్స్ తేలిగ్గా తట్టి వదిలేస్తే, కచేరీలో టెర్రీ విలియమ్స్ దంచేశాడు.

ఈ పాట వరకు నేనూ ఓడిపోయినట్టే.

కానీ గొంతు? నాఫ్లర్ పాడుతున్నట్టు ఉండదు, పక్కన కూర్చుని కబుర్లు చెబుతున్నట్టు ఉంటుంది. ఆ గొణుగుడు హెడ్‌ఫోన్స్‌లోనే బాగుంటుంది. 1985 నాటి ‘బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్’ పాటను లైటార్పేసి ఒంటరిగా వినాలి. వేలమంది మధ్య ఆ నిశ్శబ్దం ఎక్కడ దొరుకుతుంది?

2005లో ఆయన ముంబై, బెంగళూరు వచ్చి వాయించారు. నేను వెళ్లలేకపోయాను. అందుకే నాది అందని ద్రాక్ష వాదన అంటాడు తమ్ముడు. వాడూ వెళ్లలేదు మరి!