పాత కారు, పాత కంప్యూటర్: నిజంగా అరిగేది ఏది?

మా తిరుపతి ఇంట్లో రెండు ముసలివి ఉన్నాయి: నాన్న కారు, నా విండోస్ 7 కంప్యూటర్.

కారు అరుగుతుంది, అందులో అనుమానం లేదు. 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డులో తిరుమల నుంచి దిగుతూ మలుపు మలుపుకీ బ్రేకు తొక్కారనుకోండి, ప్యాడ్లు కాలిన వాసన లోపలికే కొడుతుంది. రెండో గేర్లో దింపితే బండిని ఇంజనే పట్టి ఉంచుతుంది. అయినా ప్యాడ్లు అరిగితే ఏముంది, మెకానిక్ ఒక పూటలో మార్చేస్తాడు. 15 ఏళ్లు దాటాక ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ ఇంకో 5 ఏళ్లు పొడిగించుకోవచ్చు. తుప్పు ఛాసిస్‌ను, అంటే బండి చట్రాన్ని, తినేస్తే మాత్రం వదిలేయాల్సిందే.

సాఫ్ట్‌వేర్‌కు అరుగుదలే లేదు. విండోస్ 7 వచ్చిన 2009లో రెండూ రెండూ ఎలా కూడిందో ఇవాళా అలాగే కూడుతుంది. మారింది చుట్టూ ఉన్న లోకం. 2020 జనవరి 14తో మనలాంటి వాళ్లకు భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. ఇప్పుడు అందులో దొంగలు దూరే కొత్త కన్నం బయటపడినా పూడ్చేవాళ్లు లేరు. నెమ్మదించిందంటారా, అది చాలాసార్లు హార్డ్‌డిస్క్ పాపం. తిరిగే యంత్రం కదా, దానికి మటుకు అరుగుదల ఉంది.

అందుకే కారును అమ్మేది లేదు. కంప్యూటర్‌కు నెట్ పీకేశాను. అమ్మ చీటీల లెక్కలు అందులోనే రాసుకుంటా ఉంది.