ఐస్ కరిగిన వారం కామ్లూప్స్ లేక్స్‌లో ట్రౌట్ ఫిషింగ్

ఏప్రిల్ చివర్లో నేనూ మా బావమరిదీ కెనడా బ్రిటిష్ కొలంబియాలోని సర్రే నుంచి అదే రాష్ట్రంలోని కామ్లూప్స్ వెళ్ళాం, మూడు రాత్రులు, ఫ్లై ఫిషింగ్ (పురుగులా కనపడేలా కట్టిన ఎర, అంటే ఫ్లైతో చేపలు పట్టడం) కోసమే. దారిలో వచ్చే కోకిహాలా కొండ రోడ్డు మీద ఏప్రిల్ 30 దాకా వింటర్ టైర్లు తప్పనిసరి, పాత ఫిషింగ్ లైసెన్స్ మార్చి 31తో అయిపోతుంది, ఈ రెండూ చూసుకుని బయల్దేరండి.

ముందు 1100 మీటర్ల పైనున్న ఒక లేక్ ఒడ్డున కేబిన్ తీసుకున్నాం. ఫోన్లో "ఐస్ పోయింది, రండి" అన్నారు, కానీ పోయి రెండ్రోజులే అయిందని చెప్పలేదు. ఐస్ కరిగాక నీళ్ళన్నీ 4 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి గాలికి లేక్ మొత్తం కలియబెట్టినట్టు అయిపోతుంది, చలికాలమంతా అడుగున ఆక్సిజన్ లేకుండా మగ్గిన నీళ్ళు పైకొస్తాయి, చేపలు మేత ముట్టవు. మాకు రంగు మారిన నీళ్ళే కనపడ్డాయి, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఒక్క చేప తగల్లేదు. కేబిన్ మాత్రం వెచ్చగా, శుభ్రంగా ఉంది. అద్దె బోటుకి ఒకటే లంగరు ఇచ్చారు, గాలికి బోటు తిరిగిపోతూ ఉంటే ఫ్లై ఒకచోట నిలవదు, అందుకే రెండో లంగరు మీరే తీసుకెళ్ళండి.

రెండో రాత్రి వదిలేసుకుని టౌన్లో మోటెల్‌కి మారి, ఎత్తు తక్కువున్న పాల్ లేక్‌కి వెళ్ళాం. అక్కడ ఐస్ ముందే పోయింది కాబట్టి నీళ్ళు తేరుకున్నాయి. ఇండికేటర్ (నీళ్ళ మీద తేలే చిన్న బెండు) కింద కైరోనమిడ్ (దోమలాంటి చిన్న పురుగు) ఫ్లై, లేక్ నేలకి ఒక అడుగు ఎత్తున వేలాడేలా లోతు కొలిచి కట్టాం. పదకొండింటికి ఇండికేటర్ చటుక్కున మునిగింది, రెయిన్‌బో ట్రౌట్! దాని గొంతులోంచి చిన్న పంపుతో మేత తీసి తెల్ల మూతలో నీళ్ళు పోసి చూస్తే, ఎర్రటి బ్లడ్‌వర్మ్‌లు (కైరోనమిడ్ లార్వాలు) ఇంకా మెలికలు తిరుగుతున్నాయి, పక్కనే నల్లటి ప్యూపాలు (రెక్కల పురుగయ్యే ముందు దశ), ఒక్కోదాని తల దగ్గర తెల్లటి కుచ్చు. ఆ తెల్ల కుచ్చు కోసమే ఫ్లై కట్టేటప్పుడు తెల్ల పూస గుచ్చుతారు, దాన్ని కళ్ళారా చూడ్డం నాకదే మొదటిసారి. చేపని నీళ్ళలోనే పట్టుకుని, తోక ఆడించేదాకా ఆగి వదిలేశాం.

మోటెల్ గోడలు పల్చన, రాత్రి లారీల మోత, అయినా ఈ సీజన్లో నా ఓటు టౌన్‌కే, ఒక లేక్ బాగోకపోతే ఇంకోదానికి పోవచ్చు. కేబిన్ మే రెండో వారానికి బుక్ చేసుకోండి, ఫోన్ చేసినప్పుడు ఐస్ ఏ రోజు పోయింది, నీళ్ళ రంగు ఎలా ఉంది, ఈ రెండూ అడగండి.