అఫ్జల్‌గంజ్ నుంచి సుల్తాన్ బజార్ దాకా: రెండు గ్రంథాలయాలు

హైదరాబాద్ వెళ్లినవాళ్లు చార్మినార్, గోల్కొండ, సాలార్‌జంగ్ మ్యూజియం చూసుకుని తిరుగుప్రయాణం కడతారు. పుస్తకాలంటే ప్రాణం పెట్టేవాళ్లు మరొక్క పూట ఆగగలిగితే, అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయాన్నీ సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయాన్నీ చూసి తీరాలి.

ముందు బస సంగతి. నేను నాంపల్లి స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో దిగాను. గది శుభ్రంగానే ఉంది కానీ వేడినీళ్లు పొద్దున కాసేపే వస్తాయి. గది వీధివైపు కావడంతో రాత్రంతా హారన్ల మోత. అక్కడ దిగేవాళ్లు వెనకవైపు గది అడిగి తీసుకోవడం మంచిది. కోఠిలో గది దొరికితే ఇంకా నయం, రెండు గ్రంథాలయాలూ దగ్గరే. మెట్రోలో ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్)లో దిగితే అఫ్జల్‌గంజ్‌కు ఆటోలో కొద్ది దూరం. ఆటో ఎక్కేముందే బేరం తేల్చుకోండి.

ఉస్మానియా ఆసుపత్రి దగ్గర, బస్సుల రద్దీ మధ్య ఆ తెల్లని భవనం కనబడగానే నడక నెమ్మదిస్తుంది. 1908 మూసీ వరదల తర్వాత నది ఒడ్డున లేచిన పెద్ద కట్టడాల వరుసలో ఇదీ ఒకటి. 1891లో నిజాం కొలువులోని సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ చొరవతో ఆబిడ్స్‌లో మొదలైన ఆసఫియా గ్రంథాలయానికి 1932లో ఇక్కడ శంకుస్థాపన జరిగింది. 1936లో పుస్తకాలు ఈ భవనంలోకి వచ్చాయి. హైదరాబాద్ గ్రంథాలయాల చట్టం వచ్చిన 1955లో ఇది రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమైంది. వారసత్వ సంపదను కాపాడే ఇంటాక్ సంస్థ 1998లో దీన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది.

లోపల నన్ను కట్టిపడేసింది మాత్రం చదువుకునే పిల్లలు. పోటీ పరీక్షల పుస్తకాలు, నీళ్ల సీసా, మధ్యాహ్నానికి టిఫిన్ డబ్బా. ఏళ్ల తరబడి మోచేతులు ఆని నునుపెక్కిన బల్ల అంచు మీద ఒకమ్మాయి స్కేలు పెట్టి గీతలు గీసుకుంటోంది. పక్కన పాత పత్రికల కట్ట విప్పుతుంటే కాగితం అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి. ఈ పాత కాగితాలనీ, ఈ పాఠకులనీ కూడా కాపాడాలి. గోడలకు సున్నం వేసి పాఠకులను బయటికి పంపితే అది గ్రంథాలయం అనిపించుకోదు.

గుర్తింపు ఒక్కటే రక్ష కాదని ఈ నగరానికి అనుభవమే. వారసత్వ కట్టడాలను కాపాడిన పాత హుడా (నగరాభివృద్ధి సంస్థ) నిబంధనను 2015 చివర్లో తొలగించారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. ఆ తర్వాత కూడా నిజాం కాలపు ఎర్రమంజిల్ భవనాన్ని కూల్చి శాసనసభ కట్టాలనుకుంటే, 2019 సెప్టెంబరులో హైకోర్టు అడ్డుకోవలసి వచ్చింది. ఆ తీర్పు రాకపోతే ఆ భవనం ఇవాళ ఫొటోల్లోనే మిగిలేది.

ఎంజీబీఎస్ నుంచి ఆకుపచ్చ లైన్లో తర్వాతి స్టేషనే సుల్తాన్ బజార్. బట్టల దుకాణాలు, గాజుల బండ్లు దాటుకుంటూ భాషా నిలయం అడ్రసు ఇద్దరు ముగ్గురిని అడగాల్సి వచ్చింది. దారిచూపే బోర్డు ఒకటి ఉంటే ఎంత బాగుండేదో! ఇక్కడ గంభీరమైన మెట్లు, స్తంభాలు వెతక్కండి. భవనం అందం మాత్రమే చూసే కంటికి ఇది ఆనదు. కానీ నిజాం రాజ్యంలో తెలుగువాళ్లు పెట్టుకున్న తొలి గ్రంథాలయం ఇదే. 1901 సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావు ఇంట్లో మొదలైంది. పండితుడు కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు వెన్నుదన్నుగా నిలిచారు. సొంత భవనం 1921లో సమకూరింది. సర్కారు కొలువుల్లో, బడుల్లో ఉర్దూ నడిచిన రోజుల్లో, తెలుగు పుస్తకం కోసం మనవాళ్లు చేరిన చోటు ఇది. ఆ గడప దాటుతుంటే నాకు గొంతు పట్టేసింది.

సదుపాయాల్లో అఫ్జల్‌గంజ్‌దే పైచేయి: విశాలమైన చోటు, ధారాళమైన వెలుతురు, పుస్తకాల సంపద. అంత పెద్ద భవనం మీద చెయ్యి వేయాలంటే ఎవరైనా పదిసార్లు ఆలోచిస్తారు. ఇరుకు బజారులో, గజం స్థలం బంగారమైన చోట ఉన్న చిన్న భవనానికి ఆ ధీమా ఎక్కడిది? చట్టం కింద కాపాడవలసిన గ్రంథాలయాల జాబితా నా చేతికిస్తే, సుల్తాన్ బజార్ పేరు ముందు రాసి, అఫ్జల్‌గంజ్‌ను దాని కింద రాస్తాను.